సీలు విప్పకుండా ధర కట్టడం

హైదరాబాద్ అశోక్‌నగర్ గల్లీల్లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళకు ఈమధ్య నాణేల మోజు పట్టుకుంది. జనరల్ నాలెడ్జి చదివి చదివి అంటించుకున్నారో ఏమో తెలియదు. సాయంత్రం చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దగ్గర టీ తాగుతుంటే పక్కన చేరి ఫోన్ ముందుకు చాపుతారు. ప్లాస్టిక్ కార్డులో మూడు నాలుగు నాణేలు మెరుస్తుంటాయి, కింద అమ్మేవాడు పెట్టిన రేటు ఉంటుంది. "ఇంతకి కొనొచ్చా అంకుల్?" అంటారు.

బ్యాంకు క్యాష్ కౌంటర్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. చిల్లర లెక్కపెట్టడం జీతం కోసం నేర్చుకున్నాను, నాణెం చూడటం ఇష్టంకొద్దీ నేర్చుకున్నాను. అడిగిన ప్రతివాడికీ మొదటినుంచి చెప్పే ఓపిక తగ్గిపోతోంది కాబట్టి ఇలా వరస పెట్టి రాస్తున్నాను. ఇదంతా మింట్ నుంచి సీలు వేసి వచ్చే ప్రూఫ్, యూఎన్‌సీ సెట్ల సంగతి. నిజాం కాలపు చార్మినార్ రూపాయి, పాత రాగి కాసులు వేరే విద్య. వాటికి ఈ పాఠాలు పనికిరావు.

1. సీలు ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోండి

సేకరించేవాళ్ళ కోసం మింట్ రెండు రకాల సెట్లు తయారు చేస్తుంది. ప్రూఫ్ నాణేనికి అచ్చుదిమ్మెను ప్రత్యేకంగా మెరుగుపెడతారు, బిళ్ళలను ఏరి శుభ్రం చేస్తారు, నెమ్మదిగా ఒకటికి మించి దెబ్బలు వేసి ముద్ర దింపుతారు. అందుకే ఖాళీ భాగం అద్దంలా తళతళలాడుతూ, బొమ్మ మాత్రం మెరుపు లేని తెలుపులో తేలి కనబడుతుంది. యూఎన్‌సీ అంటే మామూలు ముద్రే. చెలామణీలోకి పోకుండా, చేతులు మారకుండా నేరుగా ప్యాకింగుకు వచ్చిన నాణెం అది.

సీలు చెప్పేది ఒక్కటే: ఈ ప్యాకెట్టు ఎవరూ విప్పలేదు అని. సీలు నిజమైనదైతేనే ఆ మాట కూడా చెల్లుతుంది. లోపలి నాణేనికి మచ్చ లేదని గానీ, అది అరుదైనదని గానీ, నాలుగేళ్ళకు రెట్టింపు అవుతుందని గానీ సీలు ఎక్కడా చెప్పదు. ఆ మాటలన్నీ అమ్మేవాడివి. "సీల్డ్ పీస్ సార్" అన్నప్పుడు వాడి గొంతులో వినబడే బరువుకు మీరు డబ్బు కట్టనక్కర్లేదు.

2. కొనేముందు కళ్ళకు అలవాటు చేయండి

ప్రూఫ్‌కీ యూఎన్‌సీకీ తేడా ఫోన్ తెరమీద తెలియదు. ఆ తేడా తెలియనివాడికి యూఎన్‌సీని ప్రూఫ్ ధరకు అంటగట్టడం చాలా తేలిక. ఎదురుగా చూసి నేర్చుకోవాలి. మన అదృష్టం, హైదరాబాద్‌లోనే మింట్ ఉంది. 1803లో నిజాం సికందర్ జా కాలంలో సుల్తాన్‌షాహీలో మొదలైన టంకసాల 1903లో సైఫాబాద్‌కు వచ్చింది, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్‌లోని పాత కట్టడంలో 2022లో మ్యూజియం తెరిచారు. ఇందిరా పార్కు మీదుగా లోయర్ ట్యాంక్‌బండ్, లిబర్టీ, సెక్రటేరియట్ దాటితే అదే. ఆటోవాడికి మింట్ కాంపౌండ్ అంటే చాలు. ఒక పూట పెట్టి నాణేలను రకరకాల కోణాల్లో, వెలుతురు పక్కనుంచి పడేట్టు చూడండి. సెట్టు మీద పెట్టబోయే మొదటి వెయ్యి రూపాయలకన్నా ఆ పూటే ఎక్కువ నేర్పుతుంది.

3. ధర ఎక్కడ మొదలైందో వెతకండి

సీలు సెట్టుకు ఒక సుగుణం ఉంది. పాత నాణేనికి పుట్టిన ధర అంటూ తెలియదు, దీనికి తెలుస్తుంది. భారత ప్రభుత్వ మింట్లన్నీ 2006 నుంచి ఎస్‌పీఎంసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ కింద ఉన్నాయి. బుకింగు తెరిచినప్పుడు ప్రతి సెట్టుకూ ధర ప్రకటిస్తారు. అక్కణ్ణుంచే మన లెక్క మొదలవ్వాలి.

అందరికీ గుర్తున్న ఉదాహరణ చెబుతాను. ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. తయారైంది మన హైదరాబాద్ మింట్‌లోనే. మొదటి విడత 12 వేల నాణేలు. ఫోల్డర్‌లో యూఎన్‌సీ రూ.4,050, ఫోల్డర్‌లో ప్రూఫ్ రూ.4,380, చెక్కపెట్టెతో రూ.4,850. సైఫాబాద్‌లో, చర్లపల్లిలో జనం వరస కట్టారు. మా నారాయణగూడ చౌరస్తా టీకొట్టు దగ్గర ఆ వారమంతా సినిమా కబుర్లు మానేసి నాణెం కబుర్లే.

ఆ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. యూఎన్‌సీకీ ప్రూఫ్‌కీ మింట్ పెట్టిన తేడా 330 రూపాయలు. చెక్కపెట్టెకు ఇంకో 470. అదే నాణెం మూడు నెలల తర్వాత బయట అమ్మకానికి వచ్చినప్పుడు, చెక్కపెట్టె ఉందని ఒకాయన రెండు వేలు అదనంగా అడిగాడు. పెట్టెకు మింటే 470 చాలనుకుంటే మనం రెండు వేలు ఎందుకివ్వాలి? అతన్ని ఇదే అడిగితే "డిమాండ్ సార్" అన్నాడు. డిమాండ్ ఉంటే అడగనీండి, తప్పు లేదు. పెట్టెకని అడుగుతున్నాడా, నాణేనికని అడుగుతున్నాడా అన్నది మాత్రం విడదీసి తెలుసుకోవాలి.

ఇంకో సంగతి. విడత అన్న మాట విన్నప్పుడల్లా చెవులు నిక్కబొడుచుకోవాలి. మొదటి విడత అంటే రెండోది రావచ్చని అర్థం. గిరాకీ ఉంటే మింట్ మళ్ళీ వేస్తుంది, అది దాని పని. "ఇక దొరకదు" అని మొదటి నెలలో పలికిన ధర, మళ్ళీ బుకింగు తెరవగానే దిగుతుంది. కొత్తగా విడుదలైన సెట్టును బయటివాడి దగ్గర మింట్ ధరకు మించి కొనడానికి తొందరపడవద్దనే నేను ఎప్పుడూ చెబుతాను.

4. లోహం ఎంతుందో మీరే లెక్కగట్టండి

ఇది నాలుగో తరగతి గుణకారం, భయపడకండి. 1980ల నుంచి చాలాకాలం మన వంద రూపాయల స్మారక నాణేలన్నిటికీ దాదాపు ఒకే పాళ్ళు: బరువు 35 గ్రాములు, అందులో వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింకు 5. అడ్డకొలత 44 మిల్లీమీటర్లు. 2023 మేలో కొత్త పార్లమెంటు భవనానికి వేసిన 75 రూపాయల నాణెం కూడా ఇదే పాళ్ళలో వచ్చింది. అంటే ఒక్కో నాణెంలో వెండి పదిహేడున్నర గ్రాములు.

ఎన్టీఆర్ నాణెం వచ్చిననాటికి వెండి గ్రాము సుమారు 75 రూపాయలు. గుణిస్తే పదమూడు వందల చిల్లర. యూఎన్‌సీ ధరలో మిగతా రెండు వేల ఏడెనిమిది వందలు పనితనానికి, ప్యాకింగుకు, పన్నుకు, పేరుకు. 2025లో వెండి కిలో లక్షన్నర దాటింది కదా, అప్పుడు అదే నాణెంలోని వెండి విలువ రెండు వేల ఆరు వందలకు చేరింది. నాణెం మారలేదు, సీలు కదలలేదు, కింది మెట్టు మాత్రం రెట్టింపు ఎత్తుకు లేచింది. కాబట్టి "పోయిన సంవత్సరం ఇంత పలికింది" అనే మాటకు వెండి రేటు పక్కన పెట్టకుండా అర్థం లేదు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఏ వెండి కొట్టుకు వెళ్ళి అడిగినా ఆనాటి రేటు చెబుతారు. అడగడానికి డబ్బులేం పుచ్చుకోరు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. నాణేన్ని కరిగించడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం, జైలుశిక్ష ఉంది. అందుకని వెండి విలువ అనేది కాగితం మీద గీసుకునే నేల మాత్రమే, కంసాలి దగ్గర చేతికొచ్చే డబ్బు కాదు. "ఏమీ లేకపోయినా కరిగిస్తే ఇంతొస్తుంది" అనే డీలరు మాట వింటే, ఈ మనిషి ఇంకేం చెబుతాడో కాస్త అనుమానంగా వినండి.

పాళ్ళు అన్ని కాలాల్లోనూ ఒకటి కావు. 1969 గాంధీ శతజయంతి పది రూపాయల నాణెం 15 గ్రాములు, వెండి 80 శాతం. అంటే పన్నెండు గ్రాములు. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి వేసిన పది రూపాయలు ఇరవై రెండున్నర గ్రాములున్నా వెండి సగమే. చేతిలో బరువుగా ఉంది కదా అని ఎక్కువ వెండి అనుకోకూడదు. ఈమధ్య 99.9 శాతం వెండితో వచ్చినవీ ఉన్నాయి. ప్రతి నాణేనికీ కేంద్ర ఆర్థిక శాఖ గెజిట్ నోటిఫికేషన్ ఇస్తుంది. బరువు, కొలత, లోహాల పాళ్ళు అన్నీ అందులో ఉంటాయి. గ్రూప్స్‌కు చదువుతూ గెజిట్ చదవనంటే ఎలా?

5. సెట్టులో బరువు మోసే నాణెం ఏదో చూడండి

1985 ఇందిరా గాంధీ సెట్టులో నాలుగు నాణేలు: వంద, ఇరవై, ఐదు రూపాయలు, యాభై పైసలు. 1989 నెహ్రూ శతజయంతి సెట్టులో వంద, ఇరవై, ఐదు, ఒకటి. వీటిలో చిన్న నాణేలు మన జేబుల్లో తిరిగినవే. నేనే కౌంటర్లో సంచులకొద్దీ చెల్లించాను. వంద, ఇరవై మాత్రం ఎవరి జేబులోకీ రాలేదు. సెట్టు ధరను మోసేవి ఆ రెండే.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, పెద్ద నాణెం లేకుండా చిన్నవి రెండే ప్లాస్టిక్‌లో పెట్టి "సెట్టు" అని అమ్మితే అది సెట్టు కాదు. అసలు ఎన్ని నాణేలుండాలో తెలుసుకుని వెళ్ళండి. రెండు, చిన్న నాణెం సంతలో పది రూపాయలకు దొరికినా, ప్రూఫ్ ముద్రలో ఉన్న అదే చిన్న నాణెం వేరే వస్తువు. చిన్న నాణేన్ని మార్చేసి పెద్దదాన్ని అలాగే ఉంచిన సెట్లు నా చేతికి వచ్చాయి. పెద్దదాని మీదే అందరి చూపూ ఉంటుంది కదా, మోసం చిన్నదాని దగ్గర జరుగుతుంది.

1982 ఆసియా క్రీడల సెట్టులో పావలా కూడా ఉంది. పావలాలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. చెల్లని నాణెం ఉందని ఆ సెట్టుకు విలువ తగ్గిందా అని ఒక అబ్బాయి అడిగాడు. సెట్టులోని వందతో కూరగాయలు కొనేవాడెవడు నాయనా!

6. సీలును అనుమానించండి, మర్యాదగా

వేడితో ప్లాస్టిక్ అతికించే చేతి మిషన్ బేగంబజార్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు. సీలు ఉందన్నంత మాత్రాన మింట్ వేసిందని కాదు. అతుకు గీత నాలుగు వైపులా ఒకే వెడల్పులో ఉందా, ఒకచోట కరిగి ముడతపడి మరోచోట సన్నగా ఉందా చూడండి. గీత పక్కనే ఇంకో పాత గీత జాడ కనబడితే అది రెండోసారి మూసినది.

తర్వాత మింట్ గుర్తు. సంవత్సరం అంకె కింద చూస్తే హైదరాబాద్‌కు ఐదు కోణాల నక్షత్రం, ముంబైకి వజ్రం ఆకారం, నోయిడాకు గుండ్రటి చుక్క. కోల్‌కతాకు గుర్తు ఉండదు. ముంబై ప్రూఫ్ నాణేలకు వజ్రం బదులు అక్షరం ఉంటుంది: పాతవాటికి బి, ఊరి పేరు మారాక ఎం. కార్డు మీద ముంబై అని అచ్చేసి ఉండి లోపల నక్షత్రం కనబడితే ఆ సెట్టు ఎవరో ఇంట్లో కూర్చినది. భూతద్దం జేబులో పెట్టుకుని వెళ్ళడానికి సిగ్గుపడకండి. పదిరెట్లు పెద్దది చేసి చూపేది చాలు.

అయస్కాంతం కూడా పట్టుకెళ్ళండి. సీలు పైనుంచే పనిచేస్తుంది. వెండి కలిసిన వంద రూపాయల నాణేన్ని అయస్కాంతం లాగకూడదు, లాగితే అక్కడితో మాట ఆపేయండి. కానీ లాగినదల్లా నకిలీ అనుకోవద్దు. 1969 గాంధీ రూపాయి, అర్ధరూపాయి అచ్చంగా నికెల్‌వి. నికెల్‌ను అయస్కాంతం లాగుతుంది, అది నాణెం తప్పు కాదు. తర్వాత వచ్చిన స్టీలు రూపాయి, రెండు రూపాయలు కూడా అంటుకుంటాయి. ఏది ఏ లోహమో తెలియకుండా అయస్కాంతం తీస్తే మంచి నాణేన్ని తిట్టి వచ్చేస్తాం.

ఆ 1969 సెట్టులోదే ఇరవై పైసల నాణెం. పసుపుపచ్చగా ఉంటుంది, గాంధీ బొమ్మ. అందులో బంగారం కలిసిందని ఒకప్పుడు ఊరంతా పుకారు. అది అల్యూమినియం బ్రాంజ్. ఇప్పటికీ ఆ మాట చెప్పి అమ్మేవాళ్ళున్నారు.

7. ప్లాస్టిక్ కూడా ముసలిదవుతుంది

పాత సెట్లలో కొన్నిటికి మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ వాడారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది జిగురుబట్టి, నాణెం మీద పచ్చటి జిడ్డు వదులుతుంది. హైదరాబాద్ ఎండాకాలం సంగతి మీకు చెప్పాలా? ఇనప బీరువాలో, పైఅంతస్తు గదిలో పెట్టినవి త్వరగా పాడవుతాయి. సీలు విప్పకుండానే నాణెం పోతుంది. అందుకే నలభై ఏళ్ళ కిందటి సెట్టు "ముట్టుకోలేదు" అంటే నాకు సంతోషం కలగదు, అది ఎక్కడ పెట్టారో అడుగుతాను. పచ్చదనం కనిపిస్తే, ఆ నాణెం ఎంత అరుదైనదైనా, మంచిదానికి అడిగే ధరలో సగం కూడా నేనివ్వను.

నల్లబడటం వేరు. వెండి గాలి తగిలి అంచునుంచి నెమ్మదిగా ముదురు రంగు తిరుగుతుంది. సమంగా పరుచుకున్న ఆ రంగును ఇష్టపడి కొనేవాళ్ళున్నారు. మచ్చలు మచ్చలుగా ఉంటే ఇష్టపడరు. అద్దంలాంటి ప్రూఫ్ నేల మీద చిన్న చుక్క కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి యూఎన్‌సీలో క్షమించేది ప్రూఫ్‌లో క్షమించలేం.

ఇక అసలైన హెచ్చరిక. నల్లబడింది కదా అని చింతపండు పెట్టి తోమకండి. ఇత్తడి చెంబుకు చేసినట్టు పీతాంబరి పొడి పట్టించకండి. మా బంధువుల ఇంట్లో ఒక పెద్దావిడ దీపావళికి వెండి సామానుతోపాటు మనవడి ప్రూఫ్ నాణేన్ని కూడా విప్పి తోమి పెట్టింది. తళతళలాడుతోంది. ఒక్క చూపుకే సన్నటి గీతలు వేలు కనబడ్డాయి. ఆమెకు మాత్రం ఎవరూ ఆ సంగతి చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

8. ఫొటో చూసి బేరం చేయకండి

తప్పనిసరైతే వీడియో అడగండి. కిటికీ పక్కన పెట్టి, కార్డును అటూ ఇటూ వంచుతూ, వెనకవైపు కూడా చూపించమనండి. "ఫ్లాష్‌లో బాగా వస్తుంది సార్" అంటే ఫ్లాష్ తీసేయమనండి.

9. తిరిగిస్తే ఎంతిస్తారని అడగండి

నేను చెప్పే పాఠాలన్నీ మరిచిపోయినా దీన్ని మాత్రం మరవకండి. బేరం ముగిసి, డబ్బు ఇంకా జేబులోనే ఉన్నప్పుడు, ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ ఒక ప్రశ్న అడగాలి: "భయ్యా, ఇదే సెట్టు, ఇదే సీలుతో వచ్చే నెల నేను తెస్తే నువ్వు ఎంతకు తీసుకుంటావ్?"

జవాబు మూడు రకాలుగా వస్తుంది. మంచి డీలరు చెబుతాడు: "ఐదు వేలకు ఇస్తున్నా కదా సార్, నాలుగుకు తీసుకుంటా. నాకూ అద్దె ఉంది." ఇతని దగ్గర నిశ్చింతగా కొనొచ్చు. వెయ్యి రూపాయలు అతని కష్టానికి, అతను వెతికి తెచ్చినందుకు. అది అన్యాయం కాదు. రెండోవాడు, "మార్కెట్ చూసి చెప్తా" అంటాడు. అతనితో బేరం ఇంకా ముగియలేదని అర్థం, ధర మరికొంచెం దిగాలి. మూడోవాడు నవ్వి, "మీరెందుకు అమ్ముతారు సార్, పిల్లలకు ఉంచండి, లక్షలవుతాయి" అంటాడు. లక్షలయ్యేదాన్ని అతనెందుకు అమ్ముతున్నాడో అడగకండి, నమస్కారం పెట్టి వచ్చేయండి.

న్యాయమైన ధర ఏమిటని నన్నడిగితే నా దగ్గర వేరే సూత్రం లేదు. అమ్మేవాడు చెప్పే ధరకూ అతనే తిరిగి కొనే ధరకూ మధ్య ఎడం ఎంతుందో అదే కొలత. ఎడం నాలుగో వంతు లోపల ఉంటే కొంటాను. సగం దాటితే అది ఎంత చక్కటి సెట్టయినా చూసి ఆనందించి వదిలేస్తాను. వెండి విలువ, మింట్ ధర, నాణెం స్థితి ఇవన్నీ నేను లెక్కవేసుకునేది ఆ మనిషి చెప్పే రెండు అంకెలు ఎంత నిజమో తేల్చుకోవడానికే.

దీని మీద మా పార్కు మిత్రుడొకాయన వాదిస్తాడు. డీలర్లంతా కలిసి తక్కువకే కొంటామంటే అదే న్యాయమవుతుందా అని. వాదన సబబే. అందుకే ఒకరిని కాదు, ఇద్దరు ముగ్గుర్ని అడగాలి. ఒకరు నారాయణగూడలో, ఒకరు ఆబిడ్స్‌లో, వీలైతే నాణేల ప్రదర్శన పెట్టినప్పుడు బయట ఊరినుంచి వచ్చినవాణ్ణి. బయట ఊరివాడికి మన ఊరి మొహమాటాలుండవు.

10. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు

వీధిలో ఇంటికి "అమ్మబడును, రెండు కోట్లు" అని బోర్డు పెట్టినంత మాత్రాన ఆ ఇల్లు రెండు కోట్లకు పోయినట్టు కాదు. ఇంటర్నెట్‌లో కనబడే నాణేల రేట్లు ఆ బోర్డులాంటివే. అమ్ముడైన ధర కావాలంటే వేలం ఫలితాలు చూడాలి. ముంబైలో తోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్ లాంటి సంస్థలు జరిగిన వేలాల ధరలు బయటపెడతాయి. మీరు కొనాలనుకున్న సెట్టు నాలుగైదు సార్లు ఎంతకు పోయిందో చూసి, అన్నిటికన్నా ఎక్కువదాన్నీ తక్కువదాన్నీ తీసేయండి. సుత్తి పడిన ధర మీద కొనుగోలుదారు కమిషను, జీఎస్టీ కలుస్తాయి. ఆ సంగతి మరిచి "నాలుగు వేలకే పోయింది" అనుకుంటే బేరంలో నవ్వులపాలవుతాం.

11. లక్షల కబుర్లు

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు, పది రూపాయల నాణేలు 2012లో వచ్చాయి. చేతికి చిల్లరగా వచ్చిన నాణేనికి లక్షలిస్తామని ఫోన్లు, వీడియోలు. ముందు రిజిస్ట్రేషన్ అంటారు, తర్వాత పన్ను అంటారు, రిజర్వు బ్యాంకు కమిషను అంటారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది: పాత నోట్లు, నాణేలు కొనడం అమ్మడంతో తమకు ఏ సంబంధమూ లేదు, ఏ కమిషనూ తాము అడగము అని. అమ్మేవాడే ముందుగా డబ్బు కట్టవలసిన వ్యాపారం ఎక్కడుందో మీరే ఆలోచించండి. దీనిమీద ఇంతకన్నా రాయడం దండగ.

12. అభిమానంతో కొంటే అభిమానంతోనే కొనండి

ఎన్టీఆర్ నాణెం వచ్చిన కొత్తలో, మా వీధి చివరి ఇంటాయన బయటివాడి దగ్గర దాదాపు రెట్టింపు పెట్టి కొన్నాడు. సుదర్శన్, దేవి థియేటర్ల ముందు యౌవనమంతా గడిపిన మనిషి. ఆ నాణేన్ని దేవుడి గూట్లో పెట్టుకున్నాడు. నేను తప్పుబట్టలేదు. నా లెక్కలన్నీ ఆయన ముందు పరిచి ఏం సాధిస్తాను? ఆయన అమ్మడు. అమ్మనివాడికి తిరిగిచ్చే ధరతో పని లేదు.

కానీ ఆయన కొడుకు నా దగ్గరికొచ్చి, "ఇన్వెస్ట్‌మెంట్‌గా మంచిదే కదా అంకుల్" అన్నప్పుడు మాత్రం కాదన్నాను. తండ్రి కొన్నది బొమ్మను, కొడుకు చూస్తున్నది రేటును. ఈ రెంటినీ ఒకే బిల్లులో కలిపితే ఇంట్లో గొడవలొస్తాయి. మీరు దేనికి కొంటున్నారో డబ్బు తీసేముందు మీకు స్పష్టంగా ఉండాలి. పెట్టుబడికే అయితే, చిక్కడపల్లిలో వెండి కొట్టు చూపించాను కదా, అక్కడ కడ్డీ కొనుక్కోండి. సీలు, సంవత్సరం, మింట్ గుర్తు అనే తలనొప్పి లేదు.

13. బిల్లు, పుస్తకం

బిల్లు మీద "నాణేలు, 1 సెట్" అని రాసిస్తే ఒప్పుకోకండి. ఏ సందర్భానిది, ఏ సంవత్సరం, ఎన్ని నాణేలు, ప్రూఫా యూఎన్‌సీనా, ఏ మింట్, సీలు స్థితి ఏమిటి, అన్నీ రాయించండి. వెనక్కి తీసుకుంటానన్న ధర కూడా రాసిస్తాడేమో అడిగి చూడండి. చాలామంది రాయరు, రాసేవాడు దొరికితే వదలకండి.

ఇంటికొచ్చాక ఒక పుస్తకంలో ఎక్కించండి. కొన్న తేదీ, ధర, ఆనాటి వెండి రేటు, మింట్ ధర, ఎవరి దగ్గర. పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. పెద్దవాళ్ళు పోయాక బీరువా తెరిచి, వంద రూపాయల నాణేన్ని బ్యాంకులో వందకు జమ చేయబోయిన పిల్లలు నాకు కౌంటర్లోనే తగిలారు. "ఇంకొకసారి ఆలోచించుకోండి బాబూ" అని వెనక్కి పంపేవాణ్ణి. ఇప్పుడు కౌంటర్లో ఉన్న పిల్లలకు అంత తీరిక ఉంటుందో లేదో.